డిస్నీ వరల్డ్‌లో ఒకప్పుడు టికెట్‌తోపాటే వచ్చిన ఫాస్ట్‌పాస్‌కు ఇప్పుడు విడిగా డబ్బు కట్టించుకోవడం న్యాయమేనా?

ప్రశ్న: షార్లెట్ గుంటూరువాసి

వచ్చే స్ప్రింగ్ బ్రేక్‌లో ఫ్లోరిడా రాష్ట్రం ఆర్లాండోలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు వెళ్లాలని అనుకుంటున్నాం. గుంటూరు నుంచి అమ్మానాన్నలు కూడా వచ్చి ఉంటారు కాబట్టి నేను, నా భార్య, ఏడేళ్ల పాప, రెండేళ్లు దాటిన బాబు, వారిద్దరూ కలిపి ఆరుగురం అవుతాం. మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు గనుక ఐదుగురికి కొనాలి.

పెళ్లయిన కొత్తలో, 2017లో, మేమిద్దరం అక్కడికి వెళ్లాం. అప్పట్లో పార్కు టికెట్ కొన్న ప్రతి ఒక్కరికీ ఫాస్ట్‌పాస్ ప్లస్ అనే సదుపాయం ఉండేది. రోజుకు మూడు రైడ్లను ముందుగానే ఎంచుకుని, ఫోన్‌లో కనిపించే గంట వ్యవధిలో వెళితే, స్టాండ్‌బై అనే మామూలు లైనులో కాకుండా పక్క దారిలో లోపలికి పంపేవారు. దానికి పైసా అదనంగా కట్టలేదు. ఇప్పుడు అదే పక్క దారికి లైట్నింగ్ లేన్ అని పేరు పెట్టారు. మూడు రైడ్లను ముందుగా ఎంచుకునే సదుపాయానికి మల్టీ పాస్ అని పేరు. ధర రోజును బట్టి, పార్కును బట్టి మారుతుంది. రద్దీ రోజున మేజిక్ కింగ్‌డమ్ అనే పార్కులో మనిషికి 35 డాలర్లు అనుకున్నా ఐదుగురికి 175 డాలర్లు అవుతుంది. అది టికెట్ ధర మీద ఒక్క రోజుకు పడే అదనపు భారం. నాలుగు రోజులకు లెక్క వేసుకుంటే తడిసి మోపెడవుతోంది.

నా ప్రశ్నలు రెండు. టికెట్‌లో భాగంగా ఉన్నదాన్ని విడదీసి తిరిగి మనకే అమ్మడాన్ని మీరెలా చూస్తున్నారు? మాలాంటి కుటుంబం కొనకుండా నెగ్గుకు రాగలదా? మొదటి ప్రశ్న అనవసరమని కొందరికి అనిపించవచ్చు. కానీ కొనాలో వద్దో తేల్చుకునే ముందు దానికి నాకు జవాబు కావాలి. అన్యాయమని తెలిసి కూడా డబ్బు కడితే మనమూ దాన్ని బలపరిచినట్టే అవుతుందన్నది నా బాధ.

జవాబు: క్యూ లెక్కలు (డాలస్)

మీ మొదటి ప్రశ్న అనవసరం కాదు. అయితే దానికి జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే "ఒకప్పుడు ఉచితం" అన్న మాట డిస్నీ చరిత్ర మొత్తానికి వర్తించదు.

1955లో కాలిఫోర్నియాలోని ఆనాహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచినప్పుడు లోపలికి వెళ్లడానికి ఒక రుసుము, ప్రతి రైడుకు వేరే రుసుము ఉండేవి. కొద్ది నెలలకే టికెట్ల పుస్తకాలు వచ్చాయి. చిన్న రైడ్లకు ఇంగ్లిష్ 'A' అక్షరం చీటీ, పెద్దవాటికి ఆ తర్వాతి అక్షరాల చీటీలు చించి ఇచ్చేవారు. 1959 నుంచి అన్నిటికంటే పెద్ద రైడ్లకు 'E' అక్షరం చీటీ ఉండేది. ఫ్లోరిడా పార్కులోనూ ఇదే పద్ధతి నడిచింది. 1982లో పుస్తకాలు పోయి, ఒకే టికెట్‌తో లోపలున్నవన్నీ ఎక్కే పద్ధతి వచ్చింది. అంటే, ఒక్కసారి డబ్బు కడితే లోపల అందరూ సమానమన్న భావన మనం అనుకున్నంత పాతది కాదు. కానీ దాదాపు నలభై ఏళ్లు నడిచిన పద్ధతిని జనం తమ హక్కుగా భావించడంలో తప్పేమీ లేదు. టికెట్ ధరను ఆ భావన మీదే పెంచుతూ వచ్చారు. మేజిక్ కింగ్‌డమ్ ఒక రోజు టికెట్ 2015లో వంద డాలర్లు దాటి 105కు చేరినప్పుడు, ఆ ధరలో ఫాస్ట్‌పాస్ కలిసే ఉంది.

ఫాస్ట్‌పాస్ 1999లో కాగితం చీటీగా మొదలైంది. రైడు దగ్గరున్న యంత్రంలో టికెట్ పెడితే తిరిగి రావలసిన వేళతో చీటీ వచ్చేది. 2013, 2014 ప్రాంతంలో ఫ్లోరిడాలో అది చేతి పట్టీకి, ఫోన్‌కు మారి ఫాస్ట్‌పాస్ ప్లస్ అయింది. 2017లో డిస్నీలాండ్‌లో మాక్స్‌పాస్ వచ్చింది. దీన్ని మీరు ప్రత్యేకంగా గమనించాలి. పది డాలర్లు కడితే యంత్రం దాకా నడవకుండా ఫోన్‌లోనే ఫాస్ట్‌పాస్ తీసుకునే వీలు, పార్కువారు తీసిన ఫొటోలు కూడా డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఉండేవి. కట్టనివారికి కాగితం చీటీ ఎప్పటిలాగే ఉచితంగా అందేది. సౌకర్యాన్ని పెంచి, ఆ పెంచినదానికే ధర పెట్టారు. నాకు దానిపై ఏ అభ్యంతరమూ లేదు.

2021లో జరిగింది వేరు. కోవిడ్ వల్ల 2020 మార్చిలో పార్కులు మూతపడ్డాయి. తిరిగి తెరిచాక ఫాస్ట్‌పాస్ రాలేదు. 2021 అక్టోబరు 19న ఫ్లోరిడాలో జీనీ ప్లస్ పేరుతో మనిషికి రోజుకు 15 డాలర్ల పాస్ వచ్చింది. దానికి తోడు బాగా గిరాకీ ఉన్న కొన్ని రైడ్లను ఆ పాస్‌లో చేర్చకుండా ఒక్కొక్కదాన్ని విడిగా అమ్మడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి ధర రోజును బట్టి మారింది, 2023 నుంచి పార్కును బట్టి కూడా మారుతోంది. 2024 జూలైలో పేరు మల్టీ పాస్ అయింది. అప్పుడే మూడు రైడ్లను ముందుగా ఎంచుకునే వీలు, డిస్నీ హోటల్ అతిథులకు మిగతావారికంటే ముందుగా బుకింగ్, గిరాకీని బట్టి రైడ్లను శ్రేణులుగా విడదీయడం తిరిగి వచ్చాయి. ఫాస్ట్‌పాస్ ప్లస్ ఎలా పనిచేసేదో గుర్తున్నవారు ఆ జాబితా ఒకసారి చదివితే చాలు, వచ్చింది కొత్త వస్తువు కాదని అర్థమవుతుంది. మాక్స్‌పాస్‌కూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. అక్కడ ఉచితమైనదాన్ని ఉంచి, దాని పక్కన ఇంకొకటి అమ్మారు. ఇక్కడ ఉచితమైనదాన్ని తీసేసి, దాన్నే అమ్మారు.

ఇక లైను సంగతి. ఒక రైడు గంటకు వెయ్యిమందిని ఎక్కించగలదని అనుకుందాం. పక్క దారి ఉన్నా లేకపోయినా ఆ వెయ్యి పెరగదు. రెండు దారులూ లోపల ఒకచోట కలుస్తాయి. అక్కడ నిలబడిన ఉద్యోగి చేయి అడ్డం పెట్టి స్టాండ్‌బై లైనును ఆపి, పక్క దారిలో వచ్చినవారిని గుంపులుగా వదులుతూ ఉంటారు. మధ్యమధ్యలో ఇటు నుంచి కొందరిని పంపుతారు. ఏ పార్కులోనైనా ఆ మలుపు దగ్గర పది నిమిషాలు నిలబడి చూసినవారికి విషయం మొత్తం బోధపడుతుంది. ఒకరు కొనుక్కున్న నిమిషాలు ఇంకొకరి దగ్గర నుంచే వస్తాయి. ఫాస్ట్‌పాస్ ఉచితంగా ఉన్నప్పుడూ ఇదే జరిగేది కానీ, అప్పుడు ఇక్కడ ఆగినవాడు ఇంకో రైడు దగ్గర ముందుకు వెళ్లేవాడు. ఇప్పుడు కట్టనివాడు రోజంతా ఆగుతూనే ఉంటాడు. అందుకే దీన్ని కేవలం అదనపు సౌకర్యం అనడానికి నాకు మనసొప్పదు.

జవాబు: ఎడిసన్ తెనాలి

పై వివరణలోని చరిత్రతో నాకు పేచీ లేదు. ముగింపుతో ఉంది. ఆ పాత పద్ధతి అందరికీ సమానంగా అందిందన్న మాట నిజం కాదు.

ఫాస్ట్‌పాస్ ప్లస్‌ను డిస్నీ హోటల్‌లో దిగినవారు 60 రోజుల ముందు, బయట దిగినవారు 30 రోజుల ముందు బుక్ చేసుకునేవారు. పేరున్న రైడ్లు చాలావరకు ఆ 60 రోజుల గడువులోనే అయిపోయేవి. అంటే రెండు నెలల ముందే ప్రయాణం ఖాయం చేసుకుని, ఏ రోజు ఏ పార్కో తేల్చుకుని, తెల్లవారుజామున లేచి ఫోన్ పట్టుకున్నవారికే ఆ ఉచితం దక్కేది. వీసా స్టాంపింగ్ ఎప్పుడవుతుందో తెలియక ఆఖరి వారంలో టికెట్లు కొన్న మన తల్లిదండ్రులకు, సెలవు మంజూరు కాక చివరి నిమిషంలో బయలుదేరిన హెచ్1బీ ఉద్యోగికి మిగిలేవి గిరాకీ లేని రైడ్లే. డబ్బు లేనివాడికి అన్యాయం జరుగుతోందని ఇప్పుడు అంటున్నాం. అప్పుడు సమాచారం లేనివాడికి అన్యాయం జరిగింది. రెండోది కంటికి కనిపించదు కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

మనకు ఇదేమీ కొత్త కాదు కూడా. తిరుమలలో సర్వదర్శనం ఉంది, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమూ ఉంది. ఆ టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, నిమిషాల్లో అయిపోతాయి. రెండు రోజుల సెలవుతో వెళ్లే కుటుంబం ఆ టికెట్ తీసుకుంటే మనం తప్పు పట్టం. ఏడాదికి పదిహేను రోజుల సెలవున్న ఉద్యోగి నాలుగు రోజులు ఆర్లాండోకు కేటాయిస్తే, ఆ నాలుగు రోజుల్లో ఒక్కో గంటకు ఒక విలువ ఉంటుంది. గంటన్నర లైను తప్పించుకోవడానికి మనిషికి పాతిక ముప్ఫై డాలర్లు ఎక్కువని నాకు అనిపించదు. మేము వెళ్లిన ప్రతిసారీ కొన్నాం. ఆ డబ్బు వృథా అయిందని ఇంట్లో ఎవరూ అనలేదు.

ఇంకొక మాట. ధర ఉంటే అవసరమైనవారే తీసుకుంటారు. ఉచితమైతే ఎక్కాలని లేకపోయినా బుక్ చేసి పెట్టుకుంటారు. ఇది మానవ స్వభావం, ఎవరినీ నిందించలేం.

జవాబు: క్యూ లెక్కలు (డాలస్)

సమాచారం లేనివారికి అన్యాయం జరిగేదన్న మాటను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే ఇప్పటి పద్ధతి ఆ అన్యాయాన్ని తొలగించిందా? హోటల్ అతిథులకు ఏడు రోజుల ముందు, మిగతావారికి మూడు రోజుల ముందు, ఉదయం ఏడు గంటలకు ఫోన్ పట్టుకోవలసిన పరిస్థితి ఇప్పటికీ ఉంది. శ్రేణులు తెలియాలి, మొదటి రైడు వాడుకున్నాక నాలుగోదాన్ని ఎలా తీసుకోవాలో తెలియాలి. అంటే సమాచారమూ కావాలి, డబ్బూ కావాలి. ఆ తెలివితేటల అవసరం నిజంగా లేనిది ప్రీమియర్ పాస్‌కే. 2024 అక్టోబరు చివర అది ఫ్లోరిడాలో మొదలైనప్పుడు పార్కును, రోజును బట్టి మనిషికి ఒక్క రోజుకు 129 నుంచి 449 డాలర్ల దాకా ధర ప్రకటించారు. వేళ ఎంచుకునే పని లేదు, ఎప్పుడైనా వెళ్లి పక్క దారిలో ఒక్కో రైడు ఒక్కోసారి ఎక్కవచ్చు. స్టాండ్‌బై ఎంత విసుగు పుట్టిస్తే మల్టీ పాస్ అంత అమ్ముడవుతుంది, మల్టీ పాస్ ఎంత చిక్కుగా ఉంటే ప్రీమియర్ పాస్ అంత అమ్ముడవుతుంది. లైను తగ్గించడం వల్ల కాకుండా లైను ఉండటం వల్ల ఆదాయం వచ్చే ఏర్పాటు ఇది. నన్ను కలవరపెడుతున్నది ఆ పద్ధతే, ధర కాదు.

తిరుమల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అక్కడ సర్వదర్శనం లైనులో నిలబడినవారు ప్రవేశానికి ఏమీ చెల్లించలేదు. కంపార్టుమెంట్లలో వేచి ఉన్నవారికి అన్నప్రసాదం, పాలు కూడా దేవస్థానమే అందిస్తుంది. ఇక్కడ స్టాండ్‌బైలో నిలబడిన ప్రతి ఒక్కరూ వంద డాలర్లకు పైగా కట్టి లోపలికి వచ్చినవారే. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

ధర ఉంటే అవసరమైనవారే తీసుకుంటారన్న వాదన, రోజుకు ఎన్ని పాస్‌లు అమ్ముతారో బయటికి చెప్పినప్పుడు నిలుస్తుంది. ఆ సంఖ్యను ప్రకటించరు. ఇంతకంటే మెరుగైన దారి లేదా అంటే ఉంది. టోక్యో డిస్నీలో డబ్బుతో కొనే ప్రీమియర్ యాక్సెస్ 2022లో మొదలైంది. 2023 జూలైలో ఆ పార్కు నలభయ్యో వార్షికోత్సవం సందర్భంగా, దాని పక్కనే, మరికొన్ని రైడ్లకు ఉచిత ప్రయారిటీ పాస్ తెచ్చారు. డబ్బున్నవారు పెద్ద రైడ్లకు కట్టుకుంటారు, కట్టనివారికీ కొన్ని రైడ్ల దగ్గర పక్క దారి దొరుకుతుంది. ఆర్లాండోలో నేను కోరుకునేది అంతే.

జవాబు: ఆర్లాండో పాతకాపు

చర్చ ఫాస్ట్‌పాస్ చుట్టూనే తిరుగుతోంది. మొదటిసారి వచ్చే కుటుంబాలకు అంతకంటే గట్టిగా తగిలేవి వేరే ఉన్నాయి.

2005 మే నుంచి విమానాశ్రయం నుంచి డిస్నీ హోటళ్లకు మేజికల్ ఎక్స్‌ప్రెస్ అనే ఉచిత బస్సు నడిచింది. ప్రయాణానికి ముందే పసుపు రంగు ట్యాగులు ఇంటికి పోస్టులో వచ్చేవి. వాటిని సూట్‌కేసులకు తగిలించి మన ఊరి విమానాశ్రయంలో అప్పగిస్తే, ఆర్లాండోలో బెల్టు దగ్గర ఎదురుచూసే పని లేకుండా అవి నేరుగా హోటల్ గదికి చేరేవి. వయసు మళ్లిన తల్లిదండ్రులతో, చంకలో బిడ్డతో వచ్చేవారికి ఆ సేవ ఎంత మేలు చేసిందో చెప్పలేను. అమ్మానాన్నల చేతులు ఖాళీగా ఉండేవి, మన దృష్టి పిల్లల మీద ఉండేది. 2021 చివరితో దాన్ని ఆపేశారు. ఇప్పుడు టికెట్ బస్సు, టాక్సీ, అద్దె కారు, ఏదైనా మన ఖర్చే. హోటల్ అతిథులకు ఉచితంగా ఇచ్చిన మేజిక్ బ్యాండ్ చేతి పట్టీని 2021 మొదటి నుంచి కొనుక్కోవలసి వచ్చింది. అది లేకపోయినా ఫోన్‌తో, కార్డుతో పని జరుగుతుంది కాబట్టి దాని గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. అదనపు గంటల విషయంలో మాత్రం ఉంది. పాత పద్ధతిలో కొన్ని రాత్రులు డిస్నీ హోటళ్లలో దిగిన అందరికీ పార్కు అదనంగా తెరిచి ఉంచేవారు. ఇప్పుడు రాత్రి అదనపు గంటలు ఖరీదైన డీలక్స్ హోటళ్ల అతిథులకే ఇస్తున్నారు. మిగతా డిస్నీ హోటళ్లవారికి ఉదయం అరగంట ముందు ప్రవేశం మిగిలింది.

అయితే పోయినవన్నీ శాశ్వతంగా పోయాయని నిరాశపడకండి. 2018 మార్చిలో హోటల్ పార్కింగ్‌కు రాత్రికి 13 నుంచి 24 డాలర్ల దాకా వసూలు మొదలుపెట్టారు. జనం అయిదేళ్లపాటు దాన్ని ముక్కుపిండి వసూలు చేయడంగానే చూశారు, చెబుతూనే వచ్చారు. 2023 జనవరిలో దాన్ని ఎత్తేశారు. అందుచేత అభ్యంతరాన్ని రాతపూర్వకంగా, ప్రయాణం అయ్యాక వచ్చే సర్వేలో, మర్యాదగా, వివరంగా తెలియజేయడం వృథా ప్రయాస కాదు. కొన్నామా లేదా అన్నదానికంటే అది ముఖ్యమని నా అభిప్రాయం.

జవాబు: టాంపా అమ్మ

మా పెద్దబాబుకు ఆటిజం ఉంది. ఈ చర్చలో ఒక విషయం రాలేదు కాబట్టి రాస్తున్నాను. డిసెబిలిటీ యాక్సెస్ సర్వీస్ అనే సదుపాయం ఇప్పటికీ పూర్తిగా ఉచితం. దాన్ని లైను దాటవేసే పాస్‌గా చాలామంది పొరబడతారు. ఆ సమయంలో స్టాండ్‌బై ఎంత ఉందో దాదాపు అంతే సేపటి తర్వాత తిరిగి రమ్మంటారు. తేడా ఏమిటంటే, బిడ్డ ఇరుకు లైనులో కాకుండా బయట, గాలి వెలుతురు ఉన్నచోట వేచి ఉంటాడు. మా కుటుంబానికి పార్కు అనేది సాధ్యమైందంటే దానివల్లే. 2024 మేలో ఫ్లోరిడాలో అర్హత నిబంధనలను బాగా బిగించారు. ఆటిజం వంటి ఎదుగుదల సంబంధమైన ఇబ్బందులున్నవారి కోసమే ప్రధానంగా ఉద్దేశించారు, ముందుగా వీడియో కాల్‌లో మాట్లాడాలి. నడకలో ఇబ్బంది ఉన్నవారికి వీల్‌చైర్‌తో మామూలు లైనులోనే వెళ్లమని సూచిస్తారు. కాబట్టి మీ అమ్మగారికో నాన్నగారికో మోకాళ్ల నొప్పులుంటే ఈ సదుపాయం మీద ఆశ పెట్టుకోకండి.

డబ్బు చెల్లించే పక్క దారి, ఈ ఉచిత సదుపాయం, రెండూ ఒకే ద్వారం గుండా వెళతాయి. పక్క దారికి ధర పెట్టిన తర్వాత, మా బిడ్డను చూసి "వీళ్లు కట్టలేదు కదా" అనే చూపులు ఎక్కువయ్యాయని నా బాధ. ఫాస్ట్‌పాస్ అందరికీ ఉన్న రోజుల్లో ఎవరు ఎందుకు పక్క దారిలో వస్తున్నారో ఎవరికీ పట్టేది కాదు. ధర వల్ల జరిగే నష్టాల్లో ఇదొకటని ఎవరూ లెక్క వేయరు.

ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు. మీరు నెగ్గుకు రాగలరు, కానీ నాలుగు రోజులూ ఒకేలా చూడకండి. మేజిక్ కింగ్‌డమ్‌లో రైడ్లు ఎక్కువ, పాస్ పనికొచ్చే చోట్లు ఎక్కువ. ఒక్క రోజుకు కొనాలనుకుంటే అక్కడే కొనండి. యానిమల్ కింగ్‌డమ్‌లో ఉదయాన్నే గేటు దగ్గర ఉండి సఫారీ మొదట ముగించుకుంటే పాస్ అవసరం పెద్దగా పడదు. అక్కడి ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ మల్టీ పాస్‌లో ఉండదు, దానికి విడిగా సింగిల్ పాస్ కొనాలి.

మూడేళ్లు నిండని బాబుకు ఏ పాస్ అక్కర్లేదు. ఇంకా ముఖ్యమైనది, రైడర్ స్విచ్ ఇప్పటికీ ఉచితం. ఎత్తు చాలని బాబుతో మీలో ఒకరు బయట ఆగితే, మొదటివారు దిగివచ్చాక, ఆగినవారు స్టాండ్‌బైలో మళ్లీ నిలబడకుండా పక్క దారిలో వెళ్లవచ్చు. రైడు ద్వారం దగ్గరున్న ఉద్యోగికి ముందుగా చెప్పాలి. మనవాళ్లలో చాలామంది అడగకపోవడం వల్ల దీన్ని వదులుకుంటున్నారు.

మళ్లీ అడిగినది: షార్లెట్ గుంటూరువాసి

అందరికీ కృతజ్ఞతలు. ఎడిసన్ తెనాలి గారి మాటల్లో నన్ను ఆలోచింపజేసింది ఆఖరి వారంలో వచ్చే తల్లిదండ్రుల సంగతి. మా అమ్మానాన్నలు కూడా అలా వచ్చేవారే. అయినా ఉచితంగా ఉన్నదాన్ని తీసేసి అమ్మడానికీ, ఉచితం పక్కన ఇంకొకటి అమ్మడానికీ ఉన్న తేడా నాకు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. నా అభ్యంతరం మొదటిదానికే. దాన్ని సర్వేలో రాస్తాను.

టాంపా అమ్మ గారూ, ఒక్క సందేహం. మేజిక్ కింగ్‌డమ్ రోజుకు ఒక్కసారి కొందామని అనుకుంటున్నాం. అమ్మానాన్నలు వేగంగా తిరిగే రైడ్లు ఎక్కరు. వారికి కొనకుండా మా ముగ్గురికే కొనవచ్చా? అలా చేస్తే వారిని పక్కన పెట్టినట్టు అవుతుందేమోనని నా భార్య సంకోచిస్తోంది.

జవాబు: టాంపా అమ్మ

కొనవచ్చు. పాస్ ఎవరిది వారిదే, కుటుంబమంతా కొనాలన్న నియమం లేదు. పాస్ లేని పెద్దవారు ఖాళీగా కూర్చోవలసిన పనీ లేదు. ఆ పార్కులో టుమారోలాండ్ అనే ప్రాంతంలోని పీపుల్ మూవర్, కారౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ వంటి వాటికి లైట్నింగ్ లేన్ ఉండదు, కాబట్టి డబ్బు కట్టినవారూ కట్టనివారూ ఒకే లైనులో వెళతారు. పీపుల్ మూవర్ పైన గాలి తగులుతుంది, కుదుపు ఉండదు, మా అత్తగారు దిగగానే మళ్లీ ఎక్కుదామన్నారు. మీరు పాపతో స్పేస్ మౌంటెన్‌కు వెళ్లిన సమయంలో అమ్మానాన్నలు బాబును తీసుకుని అక్కడికి వెళ్లవచ్చు. రెండూ ఒకే ప్రాంతంలో ఉన్నాయి. ఇక జంగిల్ క్రూజ్ వంటివి అందరూ కలిసి ఎక్కదగ్గవి. అలాంటి ఒకటి రెండింటిని పాస్‌లో పెట్టుకోకుండా, ఉదయం మొదటి గంటలోనే స్టాండ్‌బైలో ఆరుగురూ కలిసి వెళ్లండి. అప్పుడు ఎవరినీ పక్కన పెట్టినట్టు ఉండదు.

కొనే ముందు పాప ఎత్తును ఇంట్లోనే బూట్లతో కొలవండి. స్పేస్ మౌంటెన్‌కు 44 అంగుళాలు, ట్రాన్ అనే రైడుకు 48 అంగుళాలు ఉండాలి. ట్రాన్ మల్టీ పాస్‌లో రాదు, విడిగా కొనాలి, ఎత్తు చాలక వెనక్కి వస్తే బిడ్డ చిన్నబుచ్చుకుంటుంది. బయటి హోటల్‌లో దిగితే పార్కు రోజుకు మూడు రోజుల ముందు, తూర్పు కాలమానం ప్రకారం ఉదయం ఏడింటికి బుకింగ్ తెరుచుకుంటుంది. అంతకుముందు రాత్రే అందరి టికెట్లనూ మీ ఒక్కరి ఫోన్‌లోని యాప్‌లో కలిపి ఉంచుకోండి, కార్డు వివరాలు కూడా అందులో ఎక్కించి పెట్టుకోండి.